పానానికి పద్దు

మార్చి ఇరవై తొమ్మిది.
సిరొంచ సర్కారు దవాఖానల
కాగితాలు ఎగరకుంట ఖాళీ సెలైన్ సీసల నీళ్లు నింపి
బరువు పెట్టి లెక్కలు రాస్తున్న.

యువకుల మానసిక ఆరోగ్యం కోసమని
జిల్లా మంజూరు చేసిన పైకం
వైశాఖంల అడిగితే మాఘంల వచ్చింది.
ఎల్లుండి లోపల ఖర్చు కాకపోతే వాపసు.
ఏడాదంత ఉపాసముండి
మూడు రోజులల్ల తినుమంటే
ఏమి తింటం? ఫ్లెక్సీలు తిన్నం.
నవ్వుతున్న పోరని బొమ్మ, కింద మరాఠీల
'మన్ మోకళే కరా'. మనసు విప్పుండ్రి.
ఎవరి ముందట విప్పాల్నో రాయలేదు,
జాగ సాలలేదట.

పోయిన వానకాలం
అంకిస నుంచి దుర్గం నితేష్ వచ్చిండు.
బారావీ చదువుతున్నడు, ఎంబడి అక్క వైశాలి.
అంగీ గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నడు,
ఎవలూ చెప్పినట్టు లేరు.
డాక్టరు సాతారా దిక్కు మనిషి, మంచోడే,
'కాయ్ హోతయ్?' అని మెల్లగ అడిగిండు.
పోరడు నేల దిక్కు చూసి చూసి
'పానం ఒక తాన నిలుస్తలేదు సార్' అన్నడు.

రెండు బాసలు వచ్చినదాన్నని
లెక్కల గదిలకెళ్లి నన్ను పిలిచిన్రు.
పానం.
ఆ మాటల పెయ్యి ఉన్నది, పెయ్యి లోపలిది ఉన్నది,
తెల్లందాక మూతపడని కండ్లున్నయి,
మా చిన్నమ్మ మాట్లాడుడు బంద్ చేసిన
ఆ రెండేండ్లున్నయి.
నేను 'తబ్యేత్' అన్న.
'తబ్యేత్ బరోబర్ నాహీ.'
అంతే అన్న.

నాడి పట్టిన్రు. గుండె పట్టీ తీసిన్రు.
గీత సక్కగనే ఉన్నది.
బలం గోళీలు పది,
గడ్చిరోలికి ఒక చిట్టి.
గడ్చిరోలంటే,
పొద్దుగాల ఎర్ర బస్సు ఎక్కి
ఆలపల్లి అడివంత ఊగుకుంట పోతే
పొద్దుమీకినంక దిగుడు.
అక్కడ మనసు డాక్టరు ఏ వారం ఉంటడో
అక్కడికి పోతెనే తెలుస్తది.
వైశాలి తునికాకు పైసలు మనసులనే లెక్కవెట్టింది,
నేను లెక్కల మనిషిని, కనిపెట్టిన.
చిట్టిని నాలుగు మడతలు వెట్టి
తమ్ముని జేబుల తనే పెట్టింది.

దవాఖాన ఎన్కనే నది.
దాని పేరు ప్రాణహిత.
పేరు పెట్టినోళ్లకు ఖర్చేం కాలేదు.

నిన్న వంతెన మీద కనబడ్డడు,
సైకిలుకు చేపల డబ్బా కట్టి.
బడి? ఇడిసిపెట్టిండట.
'మంచిగున్నవా' అంటే 'ఆఁ' అన్నడు.
ఆ 'ఆఁ'ను ఏ బాసల రాయాల్నో
రాత్రంత తెల్వలేదు.

ఇగ ఇయ్యాల,
వచ్చే ఏటి డిమాండు నాతోనే రాపిస్తున్నరు.
పోస్టర్లు: వద్దు.
వర్క్‌షాప్, భోజనాలతోని: వద్దు.
తెలుగు మాట్లాడే కౌన్సిలర్ ఒక్కలు,
వారంల రెండు రోజులు, పన్నెండు నెలలు,
పదకొండు గాదు.
పేషంటుకు, ఎంబడి వచ్చినోళ్లకు బస్సు కిరాయి.
కుర్చీలు రెండు. లోపలికెళ్లి గడియ పడే తలుపొకటి.
మొత్తం కూడితే
ఆ ఫ్లెక్సీల బిల్లుకు మూడింతలు గూడ కాలేదు,
మళ్ల కూడి చూసిన.

ఆఖరి గడి: 'కారణం.'
పెన్ను ఆగింది.
నైరాశ్యం అని రాస్తే అయిపోతది,
వాళ్లకూ మనకూ ఒక్కటే మాట,
సంతకం టక్కున పడ్తది.
కొట్టేసిన.
మరాఠీ అక్షరాలల్ల 'పానం' అని రాసి
అట్లనే పంపిన.

సాయంత్రం జిల్లాకెళ్లి ఫోను.
'మ్యాడం, హే పానం కాయ్ ఆహే?
స్పెల్లింగ్ తప్పు పడ్డదా?'

లేదు సాహేబ్.
కూసున్నరా?
చెప్పనీకి జరంత టైం పడ్తది.